విదేశాల్లో కిండిల్ సిమ్ ఎంతవరకు పనికొస్తుంది?

పెట్టె మీద "ఉచిత 3జీ" అని రాసి ఉన్న కిండిల్ (అమెజాన్ అమ్మే ఈ-పుస్తకాలు చదివే పరికరం) ఇంకా చాలామంది దగ్గర ఉంది. విదేశానికి బయల్దేరేటప్పుడు దాన్ని సంచిలో వేసుకుంటూ, ఇందులో నెట్ ఉందిగా, మెయిల్ చూసుకోవచ్చు, దారి వెతుక్కోవచ్చు అనుకుంటారు. ఆ ధీమాతో వెళ్తే విమానం దిగగానే చిక్కుల్లో పడతారు. కిండిల్‌లోని సిమ్ మన అవసరాల కోసం పెట్టింది కాదు. తన దగ్గర కొన్న పుస్తకం మన చేతికి చేరడానికి అమెజాన్ తన ఖర్చుతో వేసుకున్న దారి అది. ఆ దారిలో ఏది రావాలో, ఏ దేశంలో రావాలో తేల్చేది అమెజానే. ఈ సంగతి తెలిస్తే మిగతా నియమాలు ఎందుకలా ఉన్నాయో సులువుగా అర్థమవుతుంది.

2007 నవంబరులో వచ్చిన మొదటి కిండిల్‌లో వైఫై లేదు. అమెరికాలోని స్ప్రింట్ కంపెనీ సీడీఎంఏ నెట్‌వర్క్ మీద మాత్రమే పనిచేసేది. ఆ దేశం దాటితే సిగ్నల్ సున్నా. విదేశాల్లో పనిచేసే కిండిల్ 2 వచ్చింది 2009 అక్టోబరులో. దాంట్లో ఏటీ అండ్ టీ సిమ్ పెట్టి, రోమింగ్ ఒప్పందాల ద్వారా వందకు పైగా దేశాల్లో పనిచేసేలా చేశారు. 2010లో వచ్చిన కీబోర్డ్ మోడల్‌కి వైఫై, 3జీ రెండూ కలిశాయి. వైఫై మాత్రమే ఉన్నది 139 డాలర్లు, 3జీ కూడా ఉన్నది 189. ఆ 50 డాలర్ల తేడా ఒక్కసారి కడితే చాలు, నెలనెలా బిల్లు ఉండదు. ఉచితం అన్న పేరు అందుకే వచ్చింది.

రోమింగ్‌లో లోపల జరిగేది తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత వచ్చే ఇబ్బందులకు మూలం అక్కడే ఉంది. కిండిల్ పరాయి దేశంలో ఒక టవర్‌ని పట్టుకున్నప్పుడు, ఆ దేశపు కంపెనీ "ఈ సిమ్ ఎవరిది" అని సొంత కంపెనీని అడుగుతుంది. ఒప్పందం ఉంటే లోపలికి రానిస్తుంది, లేకపోతే తోసేస్తుంది. రానిచ్చాక కూడా మన డేటా నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. సొంత కంపెనీ గేట్‌వే దాకా వెనక్కి ప్రయాణించి, అక్కణ్ణుంచి బయటపడుతుంది. 2010లో చైనాలో ఉన్నవాళ్లు 3జీ కిండిల్‌లో ఫేస్‌బుక్, ట్విటర్ తెరవగలిగారని వార్తలు రావడానికి కారణం ఇదే. పేజీ చైనా నుంచి కాకుండా దేశం బయటి గేట్‌వే నుంచి తెరుచుకునేది. డేటా అంత దూరం తిరిగి రావాలి కాబట్టి పేజీలు నెమ్మదిగా కదిలేవి. పుస్తకం దిగడానికి ఆ ఆలస్యం పెద్ద లెక్కలోది కాదు. ఒక వెబ్ పేజీలోని పాతిక ముక్కలు విడివిడిగా రావాల్సి వచ్చినప్పుడే ఓపిక పోతుంది.

ఉచితం అన్నది ఎంతవరకు అంటే, అమెజాన్ కొట్లో కొనే పుస్తకం వరకు. 2009లో అమెరికా ఖాతాదారు బయటి దేశంలో ఉండి సిమ్ ద్వారా పుస్తకం దింపుకుంటే ఒక్కోదానికి 1.99 డాలర్లు అదనంగా పడేది. సొంత ఫైళ్ల సంగతి వేరు. మన పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లను కిండిల్ ఈమెయిల్ చిరునామాకి పంపితే, సిమ్ ద్వారా వచ్చినప్పుడు అమెరికా లోపల మెగాబైట్‌కి 15 సెంట్లు, బయట 99 సెంట్లు పడేవి. లెక్క ఎప్పుడూ పై అంకెకే. 3.2 ఎంబీ ఫైల్ అంటే 4 ఎంబీ కింద లెక్క, అంటే 3.96 డాలర్లు. పేజీలను స్కాన్ చేసిన పీడీఎఫ్ సులువుగా 40 ఎంబీ ఉంటుంది, ఆ ధర వేసుకుని చూడండి. ఇలాంటి దెబ్బ తగలకుండా ఖాతాలోని పర్సనల్ డాక్యుమెంట్ సెట్టింగ్స్‌లో రెండు అమరికలు పెట్టారు. ఒకటి, సిమ్ ద్వారా పంపడాన్ని పూర్తిగా ఆపేయడం. రెండోది, ఒక్క ఫైల్‌కి ఇంతకు మించి వసూలు చేయొద్దని గరిష్ఠ పరిమితి పెట్టడం. వైఫైలో వచ్చిన ఫైల్‌కి ఎప్పుడూ రుసుము లేదు.

బ్రౌజర్ విషయంలో ఆశలు ఇంకా తగ్గించుకోవాలి. కీబోర్డ్ మోడల్‌లో బ్రౌజర్‌ని "ఎక్స్‌పెరిమెంటల్" మెనూ కిందే ఉంచారు. ఆ మాటలోనే హెచ్చరిక ఉంది. 2011లో వచ్చిన టచ్ మోడల్ నుంచి 3జీ మీద అమెజాన్ కొట్టు, వికీపీడియా మాత్రమే తెరుచుకుంటాయి, మిగతా వెబ్ అంతా వైఫైలోనే. 2012లో పాత కీబోర్డ్ మోడల్ వాడేవాళ్లలో కొందరికి నెలకు 50 ఎంబీ దాటితే 3జీ బ్రౌజింగ్ ఆపేశారు. రోమింగ్ డేటాకి ప్రతి మెగాబైట్‌కీ డబ్బు కట్టేది అమెజాన్ అయినప్పుడు ఇది జరగక తప్పదు. ఇప్పుడైతే మరో అడ్డంకి కూడా ఉంది. ఆ పాత బ్రౌజర్లకు నేటి భద్రతా పద్ధతులు తెలియవు కాబట్టి చాలా సైట్లు తెరుచుకోనే తెరుచుకోవు.

మీ చేతిలో ఉన్నది ఏ మోడల్?

ఇక్కడ తొందరపడకుండా చూసుకోండి, ఎందుకంటే ప్రయాణ ఏర్పాట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ తన 3జీని 2022 ఫిబ్రవరి 22న మూసేసింది. 2జీ, 3జీ మూసివేతల వల్ల ఏ మోడళ్లు ఆగిపోతాయో అమెజాన్ 2021లోనే ఖాతాదారులకు తెలియజేసింది. కిండిల్ 1, కిండిల్ 2, డీఎక్స్ మోడళ్లలో వైఫై లేదు. కాబట్టి అక్కడ అవి గాలిలో నుంచి ఏమీ అందుకోలేని స్థితికి వచ్చాయి. కీబోర్డ్, టచ్, 2012 నుంచి 2015 వరకు వచ్చిన పేపర్‌వైట్‌లు, వాయేజ్, 2016 ఓయాసిస్ మోడళ్ల 3జీ రకాలకు సిమ్ పోయినా వైఫై మిగిలింది. 4జీ ఉన్నవి 2018 పేపర్‌వైట్, 2019 ఓయాసిస్ లాంటివి, వాటిలోనూ సెల్యులార్ రకం (సిమ్ ఉన్నది) మాత్రమే. 2021లో వచ్చిన పేపర్‌వైట్‌కి సెల్యులార్ రకమే లేదు.

బయటి దేశాల్లో ఇంకా 3జీ ఉందేమో, అక్కడ పాత కిండిల్ పనిచేస్తుందేమో అన్న ఆశ చాలామందికి ఉంటుంది. జర్మనీలో 3జీ 2021లోనే పోయింది. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28న మూశాయి. జపాన్‌లో కేడీడీఐ 2022 మార్చిలో, సాఫ్ట్‌బ్యాంక్ 2024లో ఆపేశాయి. యూరప్‌లో కొన్ని చోట్ల 2జీ నిలిచి ఉంది, 3జీ కిండిల్ ఎడ్జ్, జీపీఆర్‌ఎస్ అనే 2జీ డేటా పద్ధతులను కూడా పట్టగలదు. అయితే టవర్ ఉండటం ఒక్కటే చాలదు, వెనకాల రోమింగ్ ఒప్పందం కూడా బతికి ఉండాలి. నా సలహా ఒకటే. 3జీ కిండిల్‌ని వైఫై మాత్రమే ఉన్న కిండిల్‌గా లెక్కేసుకుని ప్రయాణానికి సిద్ధం కండి. అక్కడ సిగ్నల్ దొరికితే అది అదనపు లాభం.

వైఫై లేని ఆ మొదటి మూడు మోడళ్ల వాళ్లకు ఇంకో దారి కూడా మూసుకుపోయింది. కొన్న పుస్తకాన్ని వెబ్‌సైట్ నుంచి కంప్యూటర్‌లోకి దింపి కేబుల్‌తో ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. కాబట్టి ఆ పరికరాల్లోకి ఇకపై కేబుల్‌తో ఎక్కించగలిగేవి తాళం (కాపీ రక్షణ) లేని ఫైళ్లు మాత్రమే.

4జీ కిండిల్ ఉన్నవాళ్లు దిగాక ఏం చేయాలంటే, ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేసి ఐదు పది నిమిషాలు కదిలించకుండా కిటికీ పక్కన పెట్టండి. కొత్త దేశంలో మొదటిసారి నెట్‌వర్క్ పట్టడానికి సమయం పడుతుంది. పాత దేశపు టవర్ల పేర్లు గుర్తుపెట్టుకుని వాటికోసం ముందు వెతుకుతుంది, తర్వాత దొరికిన కంపెనీలను ఒక్కొక్కటిగా తట్టి చూస్తుంది. తోసేసిన కంపెనీని వదిలి ఇంకోదానికి వెళ్లాలి. ఈ మధ్యలో మనం అసహనంతో ఆన్ ఆఫ్ చేస్తూ ఉంటే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట దాటినా రాకపోతే అప్పుడు పవర్ బటన్‌ని 40 సెకన్లు నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేయండి. దగ్గర్లో పాత వైఫై గుర్తుంటే కిండిల్ దాన్నే పట్టుకుని సిమ్ జోలికి పోదు. ఇంటర్నెట్ రాని హోటల్ వైఫైకి అతుక్కుపోయి "కనెక్ట్ కాలేదు" అంటూ ఉంటే, ఆ నెట్‌వర్క్‌ని మర్చిపొమ్మని చెప్పాలి.

సిమ్ ద్వారా అన్నీ రావు. ఆడియో పుస్తకాలకు, బొమ్మలతో నిండిన పెద్ద ఫైళ్లకు వైఫై కావాలి. అమెరికా ప్రజా గ్రంథాలయాల నుంచి ఓవర్‌డ్రైవ్ అనే ఈ-పుస్తక సేవ ద్వారా తీసుకున్న పుస్తకం కూడా వైఫైలోనే వస్తుంది. "అందరికీ వచ్చింది, నాకు రాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి సిగ్నల్‌తో సంబంధమే ఉండదు, ఫైల్ రకమే అసలు కారణం.

బ్యాటరీ గురించి ఒక మాట. కీబోర్డ్ మోడల్‌కి అమెజాన్ చెప్పిన లెక్క వైర్‌లెస్ ఆపితే నెల, 3జీ ఆన్‌లో ఉంటే పది రోజులు. అది మంచి సిగ్నల్ ఉన్నప్పటి మాట. రైలు కొండల్లో పోతున్నప్పుడు టవర్ కోసం రేడియో గట్టిగా అరుస్తూనే ఉంటుంది, ఛార్జి ఇంకా వేగంగా దిగిపోతుంది. పుస్తకం దిగాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయడమే పద్ధతి.

ఫోన్ హాట్‌స్పాట్: ఇప్పుడు అసలైన దారి

వెళ్లిన దేశంలో ఫోన్‌కి డేటా సిమ్ గానీ ఈసిమ్ గానీ ఎలాగూ తీసుకుంటారు. కిండిల్‌కి నెట్ అక్కణ్ణుంచే ఇవ్వండి. ప్లాన్ కొనేముందు హాట్‌స్పాట్‌కి అనుమతి ఉందో లేదో చదవండి. "అపరిమితం" అని అమ్మే కొన్ని ప్లాన్లలో హాట్‌స్పాట్‌కి విడిగా చిన్న పరిమితి ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు.

ఫోన్‌లో నాలుగు సంగతులు సరిచూసుకోవాలి. ముఖ్యమైనది బ్యాండ్. పాత కిండిల్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే చూడగలవు, కొత్త ఫోన్లు 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తాయి. అందుకే పక్కనే ఉన్న ఫోన్ పేరు జాబితాలో కనపడదు. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ మార్చుకోవచ్చు. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో "మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ" అన్నది ఆన్ చేయాలి. రెండోది భద్రతా రకం, డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. మూడోది హాట్‌స్పాట్ పేరు. ఐఫోన్ సొంతంగా పెట్టే పేరులో ఒంటి కొటేషన్ గుర్తు ఉంటుంది, పాత పరికరాలు దాని దగ్గర తడబడతాయి. మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో చిన్న పేరు పెట్టుకోండి. పాస్‌వర్డ్ కూడా కిండిల్ కీబోర్డ్ మీద కొట్టగలిగేలా ఉండాలి. నాలుగోది, ఐఫోన్‌లో హాట్‌స్పాట్ తెర తెరిచే ఉంచాలి, కిండిల్ కలిసేదాకా ఆ తెర వదిలి రాకూడదు.

కలిశాక సింక్ నొక్కండి, కావలసిన పుస్తకాలు దింపండి, వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్. వెంటనే అని ఎందుకంటున్నానంటే, కిండిల్‌కి హాట్‌స్పాట్ వేరు, ఇంటి వైఫై వేరు అన్న తేడా తెలియదు. వైఫై దొరికింది కదా అని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను దానంతటదే దింపుకోవడం మొదలుపెడుతుంది. అవి వందల ఎంబీలు ఉంటాయి. ఒక్క నవల కోసం కలిపిన హాట్‌స్పాట్, రాత్రంతా వదిలేస్తే 1 జీబీ ప్లాన్‌లో పెద్ద భాగం తినేస్తుంది. లెక్క తెలియడానికి చెప్పాలంటే, బొమ్మలు లేని నవల సాధారణంగా ఒకటి రెండు ఎంబీలు దాటదు. 64 కేబీపీఎస్‌లో పది గంటల ఆడియో పుస్తకం 288 ఎంబీ. బొమ్మల కథల సంపుటాలు వందల్లో ఉంటాయి. అప్‌డేట్లు, ఆడియో బయల్దేరకముందే ఇంటి వైఫైలో ముగించుకోండి.

హోటల్ వైఫై తంటాలు వేరు. గది నంబరు, ఇంటిపేరు అడిగే లాగిన్ పేజీ కిండిల్‌లో ఒక్కోసారి రానే రాదు, వచ్చినా బటన్ నొక్కుడు పడదు. పేజీ రాకపోతే కిండిల్ బ్రౌజర్ తెరిచి "ఎస్" లేని హెచ్‌టీటీపీతో మొదలయ్యే ఏదైనా చిరునామా కొట్టండి. నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైట్ ఉన్నదే దీనికోసం. భద్రమైన చిరునామా కొడితే లాగిన్ వ్యవస్థ దాన్ని మధ్యలో పట్టుకుని మళ్లించలేదు, అందుకే ఖాళీ తెర కనిపిస్తుంది. అప్పటికీ కుదరకపోతే సెట్టింగ్స్‌లోని డివైస్ ఇన్ఫోలో వైఫై మ్యాక్ చిరునామా (పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) ఉంటుంది. అది రాసిచ్చి లాగిన్ లేకుండా అనుమతించమని రిసెప్షన్‌లో అడగొచ్చు. ల్యాప్‌టాప్ ఉంటే పని ఇంకా సులువు. ల్యాప్‌టాప్‌లో ఒకసారి లాగిన్ అయి, విండోస్‌లోని మొబైల్ హాట్‌స్పాట్ ద్వారా కిండిల్‌కి పంచితే చాలు.

అన్నీ సరిగ్గానే ఉన్నా గదిలోని వైఫై ఒక్క కిండిల్‌కే కనపడటం లేదంటే ఛానెల్‌ని అనుమానించండి. అమెరికాలో వైఫై రూటర్లు వాడేది 1 నుంచి 11 వరకు ఉన్న ఛానెళ్లే. యూరప్, జపాన్‌లలో 12, 13 కూడా వాడతారు. కొన్ని కిండిల్‌లకు ఆ రెండూ వినపడవు. అద్దె ఇంట్లో దిగి రూటర్ సెట్టింగ్స్ అందుబాటులో ఉంటే 11కి గానీ అంతకు తక్కువకు గానీ మార్చమని యజమానిని అడగండి. వైఫై కలిసినా కొట్టు తెరుచుకోకపోతే తేదీ, సమయం చూడండి. పూర్తిగా ఛార్జి అయిపోయి మళ్లీ లేచిన కిండిల్‌లో తేదీ ఎక్కడికో పోయి ఉంటుంది. తేదీ తప్పయితే భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి, కనెక్షన్ తెగిపోతుంది.

బయల్దేరేముందు

ఖాతా పని ఇంట్లోనే పూర్తి చేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం, జనం ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. పరాయి దేశం నుంచి అమెజాన్‌లో లాగిన్ అయితే ఓటీపీ అడుగుతుంది. అది పాత ఫోన్ నంబరుకి వెళ్తుంది, ఆ సిమ్ రోమింగ్‌లో లేకపోతే దారి మూసుకున్నట్టే. సిమ్ అవసరం లేకుండా ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్‌కి ముందే మారండి. కిండిల్‌ని రిజిస్టర్ చేయడం, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం లాంటివి ప్రయాణంలో పెట్టుకోవద్దు. రీసెట్ పుస్తకాలన్నీ చెరిపేస్తుంది, మళ్లీ లాగిన్‌కి ఓటీపీయే అడుగుతుంది.

ఖాతాలోని దేశం సెట్టింగ్‌ని రెండు మూడు వారాల ప్రయాణానికి ముట్టుకోనక్కర్లేదు. మార్చితే కొట్టు మారుతుంది, కొన్ని పుస్తకాలు కనపడవు, కిండిల్ అన్‌లిమిటెడ్ లాంటి చందాలు దేశానికి కట్టుబడి ఉంటాయి కాబట్టి చిక్కొస్తుంది.

జాబితాలో అట్ట బొమ్మ కనిపించినంత మాత్రాన పుస్తకం లోపల ఉన్నట్టు కాదు. "డౌన్‌లోడెడ్" వడపోత పెట్టి చూడండి, ప్రతి పుస్తకాన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరవండి. వాడే నిఘంటువులనూ అలాగే సరిచూసుకోండి. వికీపీడియా, అనువాదం నెట్ లేకుండా పనిచేయవు, నిఘంటువు దింపి ఉంటే పనిచేస్తుంది. ఒకేసారి యాభై పుస్తకాలు ఎక్కిస్తే కిండిల్ వాటిని వెతకడానికి వీలుగా సూచిక తయారుచేసుకుంటూ గంటల తరబడి బ్యాటరీ తాగుతుంది. ఆ పని ప్రయాణానికి ముందు రాత్రి ఛార్జర్‌కి తగిలించి కానివ్వండి.

సొంత ఫైళ్లు పంపేవాళ్లకు మరో జాగ్రత్త. మన ఫైళ్లను కిండిల్‌కి చేర్చే సెండ్ టు కిండిల్ సేవలో ఈమెయిల్ ద్వారా అయితే 50 ఎంబీ, వెబ్ పేజీ ద్వారా అయితే 200 ఎంబీ వరకు పడుతుంది. ఈపబ్ అనే ఈ-పుస్తక రకం ఫైళ్లను 2022 నుంచి తీసుకుంటోంది. ఈమెయిల్‌తో పంపినప్పుడు "ఇది మీరేనా" అని ధ్రువీకరణ మెయిల్ వస్తే 48 గంటల్లో నొక్కాలి, లేకపోతే ఫైల్ రాదు. ఆ మెయిల్ చూడలేని చోట ఉంటే ఎదురుచూపే మిగులుతుంది.

నెట్ అసలే దొరకని చోటికి వెళ్తుంటే ఫోన్‌కి వేరే పరికరాన్ని తగిలించే ఓటీజీ కేబుల్ ఒకటి సంచిలో ఉంచండి. పాత కిండిల్‌లు ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెన్‌డ్రైవ్‌లా కనపడతాయి, తాళం లేని ఫైల్‌ని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేస్తే చాలు. ఈ దారిలో ఈపబ్ తెరుచుకోదు. ఇంట్లో ఉన్నప్పుడే కాలిబర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో కిండిల్ చదవగలిగే ఏజెడ్‌డబ్ల్యూ3కి (మొదటి మూడు మోడళ్లకైతే మోబీకి) మార్చి ఫోన్‌లో పెట్టుకోండి. మీరు గీసుకున్న వాక్యాలు, రాసుకున్న గమనికలు అదే ఫోల్డర్‌లోని "మై క్లిప్పింగ్స్" ఫైల్‌లో ఉంటాయి. కేబుల్ తగిలించినప్పుడు దాన్ని కూడా ఫోన్‌లోకి ఒక కాపీ తీసుకోండి, కిండిల్ దారిలో పోయినా అవి మిగులుతాయి.